తమ్ముని చేతిమీది చేప

బతుకమ్మ పండుగకు నన్ను పుట్టింటికి తోడ్కొనిపోవుటకై నా తమ్ముడు నిన్న దేవరుప్పులకు వచ్చినాడు. కాళ్లు కడుగుకొనుచు చొక్కాచేయి పైకి మడువగా, ముంజేతిపై జానెడు పొడవున ఎఱ్ఱని చేపయొకటి నీటి కెదురెక్కుచు కనబడినది. పచ్చబొట్టు! నా గుండె ఝల్లుమన్నది. హైదరాబాదులో ఉద్యోగపరీక్షకు చదువుచు రెండుమార్లు తప్పినవాడు; నాన్నగారు పంపు పైకముతో చేసిన ఘనకార్య మిదియా యని నోటికి వచ్చినట్లు మందలించితిని. మావారు బడినుండి వచ్చి, చూచి, నవ్వి యూరకుండిరి.

వాడు తలవంచుకొని, "అక్కా! ఇది జపానువారి కోయి చేప. దీని కథ విని పిమ్మట తిట్టుము" అనెను.

సోదరీమణులారా, ఆ కథ చీనాదేశమున పుట్టినది. హొయాంగ్‌హో నదిలో డ్రాగన్ ద్వారమను చోటు కలదట. ప్రవాహమున కెదురీది, అచ్చటి జలపాతమును దుమికి దాటిన చేప డ్రాగన్ అను దివ్యసర్పమగునట. పూర్వము రాజాస్థానపు పరీక్షలలో నెగ్గిన పండితులను చీనావారు ఆ చేపతో పోల్చెడివారు. జపానులో మగపిల్లలున్న యిండ్లవారు మే 5వ తేదీ పండుగకు గుడ్డచేపలను గడలపై ఎగురవేయుదురు. పరీక్షమాట చెవిని పడగానే నా కోపము సగము దిగిపోయినది.

1827 ప్రాంతమున కునియోషి యను చిత్రకారుడు చీనా నవలలోని వీరులను ఒడలినిండ పచ్చబొట్లతో చిత్రించి అచ్చొత్తింపగా, వానిని చూచి నగరములలోని పనివారు అట్టివే పొడిపించుకొనజొచ్చిరి. 1872లో అక్కడి ప్రభుత్వము పచ్చబొట్లను నిషేధించెను. 1948లో గాని ఆ కట్టు తొలగలేదు. నేటికిని అచ్చటి కొన్ని స్నానశాలలలో పచ్చబొట్టువారిని రానీయరు. కోపపడుదానను నేనొక్కతెనే కానన్నమాట!

మా నాయనమ్మ ముంజేతిపై తులసికోట యుండెడిది. నగలన్నియు ఒలిచికొందురు, ఇదియొక్కటే కాటివఱకు వచ్చు సొమ్మని ఆమె చెప్పెడిది. ఆమెది పుణ్యమైనచో వీనిది తప్పెట్లగునో నాకు తోచలేదు.

రాత్రి నిద్రపట్టక, మా పొరుగున నున్న బమ్మెర పోతనగారి భాగవతములోని మత్స్యావతారకథ తలచుకొంటిని. సత్యవ్రతుని దోసిటిలో పడిన చిన్నిచేప కమండలువు చాలక, చెరువు చాలక, సముద్రమంత పెరిగినది. కాని మొదట పెద్దచేపలకు వెఱచి శరణు వేడినది. జపాను చేపకు ఆ దోసిలి లేదు.

చెరువు మత్తడి పడినపుడు ఎదురెక్కు చేపలను నేను చూచియున్నాను. మనవారు పెంచు బంగారుతీగ కోయికి జ్ఞాతియే. మత్తడికడ వలలు పట్టుకొని జనము కాచుకొనియుందురు. ఈ మాట మాత్రము వానితో అనలేదు.

తెల్లవారుజామున జనగామ బస్సు. నాన్నగారితో ముందుగా నేనే మాటలాడెదనంటిని. అయినను వాడు పొడుగుచేతుల చొక్కా వెదకుకొనుచున్నాడు.