ఆచార్యుడు ఒక తోరణం

ఖిలా వరంగల్ నడిబొడ్డున నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నేటికీ నిలిచి ఉన్నాయి. గణపతిదేవుని కాలంలో రూపుదిద్దుకొని, రుద్రమదేవి ఏలుబడిలో దృఢతరమైన ఓరుగల్లు కోటకు అది హృదయస్థానం. ఆ తోరణాల నడుమ ఒకనాడు స్వయంభూ శివాలయం వెలసి ఉండేది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట ఆలయం నేలమట్టమైంది. ద్వారాలు మాత్రం మిగిలాయి. తెలంగాణ రాజముద్రలో కనిపించే కాకతీయ తోరణం ఇదే.

తోరణంలో దైవం ప్రతిష్ఠితం కాదు. భక్తుడు దాని క్రింద ఆగిపోడు. దానిని దాటి గర్భాలయం వైపు సాగుతాడు. దాటించటమే తోరణధర్మం. మన సంప్రదాయంలో ఆచార్యుని స్థానమూ అటువంటిదే. శాస్త్రార్థాన్ని గ్రహించి, స్వయంగా ఆచరించి, ఇతరులచేత ఆచరింపజేసేవాడు ఆచార్యుడని పెద్దలు చెబుతారు. అతడు తన విద్యలో అగ్రగణ్య విజేత అయి తీరాలన్న నియమం ఈ నిర్వచనంలో లేదు. దీనికి నిదర్శనం ఓరుగల్లుకు ఎంతో దూరం కాని హైదరాబాదు నగరంలో, అదీ క్రీడారంగంలో లభిస్తుంది. ఆ ఆచార్యుని పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

1909లో జన్మించిన రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. విద్యార్థిదశలో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున, తరువాత స్థానిక జట్లలో ఫుట్‌బాల్ ఆడారు. ఆటగాడిగా ఆయనకు దేశవ్యాప్త ఖ్యాతి దక్కలేదు. శిక్షకుడైన పిమ్మట ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానంలో నిలిచింది.

ఆయన శిక్షణాపద్ధతిలో ఒక విశేషం పరిశీలింపదగినది. ఆటగానికి సహజంగా బలహీనమైన పాదంతోనే బంతిని తన్నవలెనన్న నియమంతో ఆయన పోటీలు నిర్వహించేవారు. ఇక్కడ మహాభారతంలోని ఏకలవ్యోపాఖ్యానం స్మరణకు వస్తుంది. ద్రోణుడు నిషాదపుత్రుని శిష్యునిగా స్వీకరించలేదు సరికదా, అతని కుడి బొటనవ్రేలిని గురుదక్షిణగా అడిగి, బలమైన హస్తాన్ని బలహీనం చేశాడు. రహీమ్ బలహీనమైన పాదాన్ని బలపరచారు. ద్రోణుని విద్వత్తును శంకించే పనిలేదు. అయితే ఒక ప్రియశిష్యుని అగ్రస్థానాన్ని కాపాడాలన్న మమకారం ఆ విద్వత్తును ఎంత దూరం ఈడ్చుకుపోయిందో ఆ కథ దాచకుండా చెబుతుంది. శిక్షకునికి కలిగే ప్రమాదం అజ్ఞానం వల్ల కన్నా మమకారం వల్లనే అధికం.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. స్వర్ణపతకాన్ని కాంక్షించి శ్రమించినవాని కర్మ నిష్కామమెట్లవుతుంది? సమాధానం గీతలోనే ఉంది. ఫలంపై అధికారం లేదని బోధించిన శ్రీకృష్ణుడే విశ్వరూపసందర్శన ఘట్టంలో అర్జునుని లెమ్మని, శత్రువులను జయించమని, కీర్తిని పొందమని ప్రోత్సహించాడు. అదే సమయంలో నిమిత్తమాత్రునిగా ఉండమన్నాడు. కనుక గీత లక్ష్యాన్ని నిషేధించలేదు. ఫలం నాది, కర్తను నేను అనే అభిమానాన్నే నిషేధించింది. శిక్షకుని వృత్తిలో ఈ ఉపదేశం కంటికి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి శ్రమించినా, ఆట ఆరంభమైన క్షణం నుండి అతడు బంతిని ముట్టలేడు. మైదానపు గీత వద్దనే అతని అధికారం ముగుస్తుంది. ఆ గీతకు ఆవల జరిగేదంతా ఇతరుల పాదాలలో ఉంటుంది.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీమ్ దేహాన్ని క్యాన్సర్ వ్యాధి క్షీణింపజేస్తోంది. తొలి ఆటలో దక్షిణకొరియా చేతిలో భారత్ 2–0తో ఓడింది. సెప్టెంబరు 4న జరిగిన తుదిపోరులో ప్రత్యర్థి మళ్లీ ఆ జట్టే. తలకు గాయమై ఉన్న రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందువరుసలో నిలిపారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరొక గోలు చేయగా భారత్ 2–1తో గెలిచింది. స్వర్ణపతకాలు ఆటగాళ్ల కంఠాలను అలంకరించాయి. 1963 జూన్ 11న రహీమ్ దేహయాత్ర ముగిసింది. ఆయన వెళ్లిన తరువాత భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడల స్వర్ణాన్ని మళ్లీ చూడలేదు.

శిక్షకుల కోసం ద్రోణాచార్యుని పేర జాతీయ పురస్కారం ఏర్పడింది 1985లో, అంటే రహీమ్ మరణించిన 22 సంవత్సరాలకు. ఆ బిరుదు లేకపోయినంత మాత్రాన ఆయన ఆచార్యత్వానికి లోటు రాలేదు. తాను చేరలేని చోటికి శిష్యులను చేర్చగలగటం, చేరిన తరువాత ఆ స్థానాన్ని తనదిగా భావించకపోవటం ఆచార్యలక్షణం. అది జన్మను బట్టి గాని, మతాన్ని బట్టి గాని వచ్చేది కాదు.

ఓరుగల్లు తోరణాల నడుమ నేడు ఆలయం లేదు. అయినా వాటి ముందు నిలిచినవారి దృష్టి రాతిశిల్పం మీద కాసేపు నిలిచి, చివరకు ఆవలి ఆకాశం వైపే సాగుతుంది. ద్వారం తన పని తాను చేస్తూనే ఉన్నది.

స్వస్తి.