డేటు దొరికితే... దేవుడు దొరికినట్టే!

జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో ‘టైమెంతయింది?’ అని అడిగితే కొన్ని ఇళ్లలో రెండు జవాబులు వస్తాయి. ఒకటి ఇక్కడి టైము. రెండోది అక్కడి టైము. దుబాయి గంటన్నర వెనక. సౌదీ, కువైట్ రెండున్నర గంటలు వెనక. గడియారం చూడటం రాని ముసలమ్మ కూడా ఈ లెక్క తప్పదు. కొడుకు డ్యూటీ దిగే వేళ ఆమెకు తెలుసు. శుక్రవారం సౌదీలో ఆఫీసులు తెరవరనీ తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే... కొడుకు ఎప్పుడొస్తాడన్నది. అది ఆమె చేతిలో లేదు. కొడుకు చేతిలోనూ లేదు. సముద్రం అవతల ఏదో ఒక ఆఫీసు ఇచ్చే ‘డేటు’ మీద ఆధారపడి ఉంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... పాత కరీంనగర్ జిల్లాలోని ఈ మూడు పట్నాల్లోనూ ‘డేటు’ అన్న మాట ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది. బస్టాండులో, మీసేవ దగ్గర, జిరాక్సు సెంటర్లో, గుడి మెట్ల మీద. పాస్‌పోర్టు డేటు, మెడికల్ డేటు, వేలిముద్రల డేటు, ఔట్‌పాస్ డేటు. పెళ్లి ముహూర్తాలకైనా రెండో ముహూర్తం ఉంటుందేమో కానీ వీటికి ఉండదు!

కోట కింద కాగితాల మెట్లు

జగిత్యాల అంటే చరిత్ర తెలిసినవాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో ఉండే కోట. పద్దెనిమిదో శతాబ్దం నాటి ఆ కట్టడంలో ఫ్రెంచి ఇంజినీర్ల పనితనం ఉందంటారు. రెండోది 1978 సెప్టెంబరులో జరిగిన ‘జగిత్యాల జైత్రయాత్ర’. పల్లెల నుంచి రైతుకూలీలు వేలల్లో పట్నానికి నడిచి వచ్చారు. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపుల భయంతో ఊరు విడిచిన కుర్రాళ్లు కొందరు. వర్షాలు లేక, బోర్లు ఎండి, అప్పులు తీరక కదిలినవాళ్లు ఇంకెందరో. అప్పటికే గల్ఫ్‌లో చమురు డబ్బుతో రోడ్లు, మేడలు లేస్తున్నాయి. ముందు బొంబాయి, అక్కడి నుంచి మస్కట్, దుబాయి, సౌదీ. ఏ దేశం పోయినా ఊళ్లో అనే మాట మాత్రం ఒకటే: ‘దుబాయి పోయిండు’.

ఆ రోజుల్లో ఏజెంటు వెంట బొంబాయి బస్సెక్కితే, విమానమెక్కే దాకా వారాల తరబడి ఇరుకు గదుల్లో పడి ఉండేవాళ్లు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఆ బాధ చాలావరకు తప్పింది. కానీ విమానం దగ్గరైనంత సులువుగా కాగితం దగ్గర కాలేదు.

పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ రకం. అంటే గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. 1983 నాటి వలస చట్టం తెచ్చిన రక్షణ ఇది. కాంట్రాక్టు సరిగా ఉందా, పంపే ఏజెంటుకు లైసెన్సుందా, బీమా కట్టారా అన్నవి చూశాకే పంపాలన్నది ఉద్దేశం. 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు అట్టతో పాస్‌పోర్టు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. చదువు లేదన్న సంగతి నుదుటి మీద రాసినట్టు ఉంటుందని గొడవ కావడంతో ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకుంది.

ఇక మెట్లు లెక్కపెట్టండి. పాస్‌పోర్టు కోసం ఆన్‌లైన్‌లో డేటు. పోలీసు విచారణ. ఒకప్పుడు గమ్కా అని, ఇప్పుడు వాఫిద్ అని పిలిచే వైద్య పరీక్షకు ఇంకో డేటు. సౌదీ అయితే వేలిముద్రలకు మరో డేటు. మధ్యలో ఒకటి జారిపోతే మెడికల్ రిపోర్టు గడువు దాటుతుంది, వీసా గడువు తరుముకొస్తుంది. అందుకే ఇంట్లో పెద్దవాళ్లు కుర్రాణ్ని పనికి పంపినట్టు కాదు, పరీక్షకు పంపినట్టు పంపుతారు.

ఈ మెట్లన్నీ ఎక్కలేక చాలామంది పట్టే అడ్డదారి విజిట్ వీసా. ‘పో, అక్కడికి పోయినంక మార్పిస్తం’ అంటాడు ఏజెంటు. చుట్టపు చూపు వీసాకు ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. కాంట్రాక్టూ ఉండదు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

బీడీల చాట పక్కన సెల్‌ఫోను

జగిత్యాల నుంచి నిజామాబాద్ రోడ్డు పట్టుకుంటే కోరుట్ల వస్తుంది. దారికి అటూ ఇటూ పసుపు, మక్కజొన్న, వరి చేలు. ఊళ్లలో రంగురంగుల డాబాలు. వాటిలో కొన్నింటికి మేడ మీద గోడలు లేచి ఆగిపోయి ఉంటాయి. చువ్వలు ఆకాశంలోకి చూస్తుంటాయి. డబ్బులు ఆగిన నెలను ఆ చువ్వలే చెబుతాయి!

కోరుట్ల, మెట్‌పల్లి వాడల్లో ఏ అరుగు చూసినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ... చూపు మాత్రం చాట పక్కనున్న సెల్‌ఫోను మీద. ఆమె పేరు ఏదైనా కావచ్చు. అలాంటి ఇల్లాలు ప్రతి వాడలోనూ ఉంది. భర్త సౌదీలో ఇంటి డ్రైవరు. ‘అకామ అయిపోయింది. కఫీలు రెన్యువల్ చేస్తలేడు’ అన్నది అతడి చివరి కబురు.

అకామా అంటే నివాస అనుమతి కార్డు. అది లేనివాడు అక్కడ మనిషి కింద లెక్క కాదు. దాన్ని పునరుద్ధరించాల్సింది పని ఇచ్చిన యజమానే. సౌదీలో జవాజాత్... అంటే పాస్‌పోర్టుల ఆఫీసుకు వెళ్లాలంటే ‘అబ్షర్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ముందే టైము తీసుకోవాలి. అందులోకి పోవాలంటే తన పేరు మీద ఫోన్ నంబరుండాలి. రూములో నలుగురు కలిసి ఒకరి సిమ్ము వాడుకునే చోట, అరబ్బీ గానీ ఇంగ్లిషు గానీ చదవలేని గొర్రెల కాపరికి ఆ తలుపు తెరుచుకునేదెలా? దానికి తోడు యజమాని ‘పారిపోయాడు’ అని ఒక్క ఫిర్యాదు నమోదు చేస్తే చాలు, మనవాడు ‘హురూబ్’ జాబితాలో చేరిపోతాడు. 2021 మార్చిలో సౌదీ తన చట్టాలను సడలించి, యజమాని అనుమతి లేకుండానే కంపెనీ మారేందుకు, దేశం దాటేందుకు కొన్ని షరతులతో వీలు కల్పించింది. కానీ ఇంటి డ్రైవర్లు, పనివాళ్లు, తోటమాలులు, కాపరులకు ఆ సడలింపు వర్తించలేదు. మన పల్లెల నుంచి పోయినవాళ్లలో చాలామంది చేసేవి ఆ పనులే!

కువైట్‌ది ఇంకో తీరు. అక్కడ వేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఇవ్వాలని అందరికీ నిబంధన పెట్టారు. విదేశీయులకు 2024 డిసెంబరు 31 గడువు. టైము తీసుకోవాల్సింది ‘సహెల్’ యాప్‌లోనో, ‘మెటా’ అనే ప్రభుత్వ సైటులోనో. గడువు దాటితే సర్కారీ పనులన్నీ స్తంభించిపోతాయి. అప్పుడు కోరుట్లలో ఇంటర్ చదివే కొడుకు ఇక్కడి నుంచే తండ్రికి ఫోన్లో చెప్పాలి: ‘ఆ పచ్చ బొత్తాం ఒత్తు నాయినా... అది గాదు, కింద ఉన్నది’. తండ్రి సంపాదనతో చదివిన చదువు అలా తండ్రికే అక్కరకొస్తుంది.

ఏ కాగితమూ లేకుండా మిగిలిపోయినవాణ్ని ఇక్కడ ‘ఖల్లివెల్లి’ అంటారు. అరబ్బీలో ‘పోతే పోనీ’ అన్న అర్థంలో వాడే మాట. మన ఊళ్లకొచ్చి మనిషికి పేరైంది. ఖల్లివెల్లి అయినవాడు పగలు బయట తిరగడు. జ్వరమొస్తే ఆసుపత్రికి పోడు. తల్లి పోయినా రాలేడు.

రాజన్నకు కోడె మొక్కు

కోరుట్ల నుంచి కథలాపూర్, చందుర్తి మీదుగా దిగితే వేములవాడ. రాజన్న గుడిలో కోడెను కట్టడం ఈ ప్రాంతపు మొక్కు. పిల్లలు పుట్టాలని, పంటలు పండాలని మొక్కిన చోటే ఇప్పుడు వీసాలు రావాలని, మనిషి తిరిగి రావాలని మొక్కుతున్నారు. కొండగట్టు అంజన్న దగ్గరా అంతే. కొత్త పాస్‌పోర్టును దేవుడి పాదాల దగ్గర పెట్టి తీసుకెళ్లేవాళ్లు కొందరైతే, ‘ఔట్‌పాస్ దొరికితే కోడెను కడతా స్వామీ’ అని వేడుకునేవాళ్లు ఇంకొందరు. పోవడానికో మొక్కు, రావడానికో మొక్కు!

మగ్గం ఆగితే...

వేములవాడ దాటాక కాసేపటికే సిరిసిల్ల. పట్నంలో అడుగుపెట్టకముందే మరమగ్గాల చప్పుడు ఎదురొస్తుంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో వాడలన్నీ కళకళలాడిన ఏళ్లున్నాయి. ఆర్డర్లు లేక మగ్గాలు ఆగిన నెలలూ ఉన్నాయి. నేతకారులు బతుకు భారమై ఆత్మహత్యలు చేసుకున్న చేదు రోజులనూ ఈ పట్నం చూసింది. మగ్గం ఆగితే ఒకప్పుడు దారి భివండీ. తర్వాత గల్ఫ్.

ఈ జిల్లాకు ఎదురుచూపు కొత్త కాదు. దుబాయిలో ఒక కేసులో శిక్షపడ్డ ఇక్కడి కూలీలు కొందరు పద్దెనిమిదేళ్లు జైల్లో ఉండి 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. చిన్నపిల్లలుగా వదిలిపోయినవాళ్లు పెద్దవాళ్లై ఎదురొచ్చారు.

జైలు లేకపోయినా బందీలైనవాళ్ల లెక్క వేరు. ఎమిరేట్స్‌లో వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఏడాదికి 18,250. మన రూపాయల్లో నాలుగు లక్షల పైమాటే. నెలకు వెయ్యి దిర్హాములు సంపాదించే కూలీ ఏడాదంతా తినకుండా దాచినా తీరదు. అందుకే ఆమ్నెస్టీ... క్షమాభిక్ష కోసం చూస్తారు. 2007లో, 2012 డిసెంబరు నుంచి 2013 ఫిబ్రవరి దాకా, 2018లో, 2024లో ఎమిరేట్స్ ఆ అవకాశమిచ్చింది. 2024లో సెప్టెంబరు ఒకటిన మొదలై డిసెంబరు 31 దాకా సాగింది. జరిమానా కట్టక్కర్లేదు, మళ్లీ రాకుండా నిషేధమూ ఉండదు.

వినడానికి ఎంత బాగుంది! కానీ క్షమించడానికి కూడా కాగితం కావాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గరుండిపోతుంది లేదా ఎప్పుడో పోయి ఉంటుంది. అప్పుడు మన కాన్సులేట్ ఇచ్చే అత్యవసర పత్రం తీసుకోవాలి. ఊళ్లో ‘ఔట్‌పాస్’ అనేది దాన్నే. అది కావాలంటే తాను భారతీయుణ్నని రుజువు చూపాలి. పాత పాస్‌పోర్టు జిరాక్సో, ఆధారో, రేషన్ కార్డో... అవి ఉండేది సిరిసిల్లలో, ట్రంకు పెట్టె అడుగున. ఇల్లాలు పెట్టె తిరగేసి, నలిగిన జిరాక్సును నేల మీద పరిచి, పక్కింటి పిల్లాడితో ఫొటో తీయించి వాట్సప్‌లో పంపుతుంది. ఆ తర్వాతే అక్కడ వేలిముద్రలు, ఎగ్జిట్ పర్మిట్, ఆపైన టికెట్. పోలీసు కేసో, బ్యాంకు అప్పో ఉంటే అది మళ్లీ వేరే లెక్క. అంటే, నెలల గడువని కనిపించేది నిజానికి కొన్ని డేట్ల గొలుసు. ఒక్క లంకె తెగినా గడువు చేజారుతుంది.

డేటు దొరికినా గట్టెక్కనివాళ్లూ ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించి, దేశాలవారీగా రోజులు కేటాయించింది. మనవాళ్లు పేరిచ్చి శిబిరాల్లోకి వెళ్లారు. సరిగ్గా అప్పుడే కరోనాతో మన విమానాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. కాగితం చేతిలో ఉంది, విమానం లేదు. మే నెలలో ‘వందే భారత్’ విమానాలు మొదలయ్యేదాకా ఎదురుచూపులే.

తెలుసుకుంటే తప్పే తిప్పలు

ఈ కష్టాల్లో కొన్నింటిని బయల్దేరకముందే తప్పించుకోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు, ఫోన్లో ఒక సెట్టు ఉంచుకోవాలి. ఏజెంటుకు లైసెన్సుందో లేదో ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో చూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’ కూడా విదేశీ కొలువులకు పంపుతుంది. ఈసీఆర్ వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. పది లక్షల బీమాకు రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలుగా ప్రీమియం పెట్టారు. అక్కడ చిక్కుకుపోతే ఇంటివాళ్లు ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరు 27న గల్ఫ్ కుటుంబాల కోసం ‘ప్రవాసీ ప్రజావాణి’ మొదలైంది. టికెట్టుకు డబ్బుల్లేని స్థితిలో రాయబార కార్యాలయాల దగ్గరుండే సంక్షేమ నిధి ఆదుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం... విజిట్ వీసా మీద పనికి పోకపోవడం.

అయినా ఇవన్నీ తెలిసేసరికే సగం జీవితం గడిచిపోయినవాళ్లు ఈ మూడు పట్నాల్లో లెక్కలేనంతమంది.

సాయంత్రం ఏడు దాటితే సిరిసిల్లలో లైట్లు వెలుగుతాయి. దుబాయిలో అప్పుడు అయిదున్నర. డ్యూటీలు దిగే వేళ. మగ్గాల హోరులో ఫోను మోగినా వినపడదని ఆ ఇల్లాలు గుమ్మం బయటికొచ్చి కూర్చుంటుంది. ఫోను రాగానే ఆమె అడిగేది తిన్నావా అని కాదు, పైసలు పంపావా అని కాదు.

‘డేటు దొరికిందా?’

అవతలి నుంచి ‘దొరికింది’ అన్న మాట వస్తే... ఆ ఇంట్లో ఆ రోజే దసరా!