రింగు ఎదురుగా నిలబడొద్దు

హోసూరు నుంచి కృష్ణగిరి పోయే రోడ్డు పక్కన మా నాయనకు పంక్చర్ షాపు ఉంది. షాపు వెనకే మా ఇల్లు. ఆదివారాలు నేను అక్కడ లెక్కలు రాస్తాను. మన స్కూల్లో చాలామంది నాయనలు, అన్నలు లారీల మీద పోతారు. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

పాత లారీల చక్రం ఒకే ముక్క కాదు. మధ్యలో డిస్క్, దాని అంచున టైరును పట్టుకునే సైడు రింగు, అది ఊడకుండా గాడిలో కూర్చునే లాక్ రింగు ఉంటాయి. గాలి ఎక్కేకొద్దీ టైరు ఆ రింగును బయటికి తోస్తుంది. లాక్ రింగు సరిగా కూర్చుంటే అది ఆగుతుంది. తుప్పు పట్టినా, వంగినా, వేరే చక్రం రింగు వేసినా బాంబులాగా ఎగిరిపోవచ్చు.

పీడనం పాఠం చదివాక నేనొక లెక్క వేశాను. లారీ టైరులో 100 పి.ఎస్.ఐ. గాలి అంటే ఒక్కో చదరపు అంగుళం మీద 100 పౌన్ల బలం. 4 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, అంటే అరచేయంత చోటు మీద 1600 పౌన్లు. దగ్గర దగ్గర 725 కిలోలు! టైరు మొత్తం మీద ఎంతో మీరే ఊహించండి.

మా మేనమామ వేరే షాపులో పని చేస్తుండగా రింగు ఎగిరి ముఖానికి తగిలింది. ప్రాణం దక్కింది కానీ కుడి కన్ను పోయింది. అప్పటినుంచి నాయన పద్ధతి మార్చాడు. లారీ నుంచి చక్రం విప్పేముందే వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలేస్తాడు. జంట చక్రాలైతే రెండిటికీ వదలాల్సిందే. రింగులు తుడిచి, పగులు ఉందేమో చూస్తాడు. చక్రాన్ని ఇనుప పంజరంలో పెట్టి, పొడుగు పైపుకు క్లిప్పు తగిలించి, దూరంగా పక్కకు నిలబడి గాలి పడతాడు. రింగు సరిగా కూర్చోకపోతే గాలి ఉండగా సుత్తితో కొట్టడు. గాలంతా తీసి మళ్ళీ మొదలుపెడతాడు.

ఆ పంజరం కొనడానికి అమ్మ చీటీ డబ్బులు పోయాయి. పైగా గిరాకీ తగ్గింది. "లోడు దించాలన్నా, తొందరగా కొట్టు" అని డ్రైవర్లు గొడవ చేస్తారు. కొందరు పక్క షాపుకు పోతారు. అమ్మ ఒకరోజు, "ఇట్లయితే స్కూలు ఫీజు ఎట్లా?" అంది. నాయన, "ఫీజు ఈ నెల కాకుంటే వచ్చే నెల కడతాం. కన్ను మళ్ళీ కొనగలమా?" అన్నాడు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను నా లెక్కను సుద్దముక్కతో షాపు గోడ మీద పెద్దగా రాశాను. ఇప్పుడు తొందరపెట్టే డ్రైవర్లకు నాయన ఆ గోడ చూపిస్తాడు. చదివి కొందరు నవ్వుతారు, కొందరు ఏం మాట్లాడకుండా పోయి దూరంగా కూర్చుంటారు.

కొత్త లారీలకు ఒకే ముక్క చక్రాలు, ట్యూబులేని టైర్లు వస్తున్నాయి. కానీ పాతవి ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా అట్లాంటి చక్రానికి గాలి పడుతుంటే దగ్గరికి పోయి చూడకండి. పంజరం లేకపోతే గాలి పట్టొద్దని చెప్పండి. చిన్నపిల్లలు చెప్పారని కోప్పడితే, 725 కిలోల లెక్క వేసి చూపించండి.