తిరువయ్యారులో మా అత్తమ్మ

మా నీలం నగర్‌లో పాటకు కొదువ లేదు. సాంచాల ఖటఖటల మధ్యే రేడియో మోగుతుంది. వీధి చివర భజన జరుగుతుంది. నారళీ పున్నమికి మార్కండేయుని రథం వెంట ఊరంతా కదులుతుంది. ఇంత ఉండగా పాట వినడానికి రైలెక్కి పోవడమేమిటని మావాళ్ళు నన్ను చాలాసార్లు వేళాకోళం చేశారు. "ఫోన్‌లో అన్నీ దొరుకుతాయి కదమ్మా!" అని మా అమ్మాయి కూడా అంది. ఆ ప్రశ్నకు జవాబు నాకు తిరువయ్యారులో దొరికింది.

నేను మొదట వెళ్ళింది పుణెకు. షోలాపూర్ నుంచి సుమారు 260 కిలోమీటర్లు. సవాయి గంధర్వ 1952లో కన్నుమూస్తే, ఆయన శిష్యుడు భీమ్‌సేన్ జోషీ గురువు పేర 1953లో మొదలుపెట్టిన ఉత్సవం అది. ఏటా డిసెంబర్‌లో జరుగుతుంది. ఒకప్పుడు తెల్లవార్లూ పాడేవారు. రాత్రి 10 దాటాక మైకులకు కట్టడి వచ్చాక ఆ పద్ధతి పోయింది. 2011లో జోషీగారు పోయాక ఉత్సవానికి ఆయన పేరు కూడా చేర్చారు. గదగ్ ప్రాంతపు కన్నడ మనిషి మరాఠీ అభంగాలు పాడి మహారాష్ట్రమంతటికీ ఇంటి మనిషి అయ్యారు. నేల మీద కూర్చునే టికెట్ కొనుక్కుని, ఇంటి నుంచి తీసుకుపోయిన జొన్నరొట్టె, పల్లీల పొడి తింటూ విన్నాను. గాయకుడు ఒక స్వరం మీద నిలిస్తే వేలమంది ఊపిరి బిగబట్టడం అక్కడే చూశాను.

ఇంకా దూరం పోగలిగినవారికి మన దేశంలో చోట్లకు లోటు లేదు. డిసెంబర్‌లో చెన్నై వెళితే ఊరంతా సభలే. 1927 కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన సంగీత సమావేశం ఫలితంగా 1928లో అక్కడ మ్యూజిక్ అకాడమీ పుట్టింది. జలంధర్‌లో హరివల్లభ సంగీత సమ్మేళనం 1875 నుంచి సాగుతోంది. కాశీలో హనుమజ్జయంతి రోజుల్లో సంకటమోచన ఆలయ ప్రాంగణంలో రాత్రంతా పాట సాగుతుంది. టికెట్ లేదు, దేవుడి దర్శనానికి వెళ్ళినట్టే వెళ్ళవచ్చు.

కాని మన తెలుగువాళ్ళు ఒక్కసారైనా చూడవలసింది తిరువయ్యారు. పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి. అది ఎక్కువగా జనవరిలో వస్తుంది. మూడేళ్ళ క్రితం అత్తమ్మను, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అత్తమ్మ ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన మనిషి. చదువు రాదు. తుల్జాపూర్, పండరీపురం, పుట్టిన ఊరు తప్ప మరో చోటు చూసి ఎరుగదు. "నాకెందుకే ఆ సంగీతం, అర్థమైతదా?" అంటూనే బయలుదేరింది. మనది ముంబయి–చెన్నై రైలు మార్గమే కనుక చెన్నై దాకా చిక్కు లేదు. అక్కడ బండి మారి తంజావూరులో దిగితే తిరువయ్యారు 13 కిలోమీటర్లు.

ముందుగా తంజావూరు పెద్దగుడి చూశాము. ఆ గోడల మీద 1803 నాటి మరాఠీ శాసనం ఉంది. శరభోజి రాజు తన భోంస్లే వంశ చరిత్రను చెక్కించాడు. మా అమ్మాయి మరాఠీ మీడియంలో చదివింది కనుక కూడబలుక్కుంటూ కొన్ని మాటలు చదివింది. "అరవ దేశంలో మన మరాఠీ!" అని మురిసిపోయింది. మరాఠీ రాజుల ఏలుబడిలో, తమిళుల మధ్య, తెలుగులో పాడుకున్న మనిషి త్యాగయ్య (1767–1847). పూర్వీకులు కాకర్లవారు, తెలుగునాడు వదిలి వచ్చినవాళ్ళు. ఆయన పుట్టింది తిరువారూరులో, గడిపింది తిరువయ్యారులో. అంటే మనలాగే బయటి తెలుగువాడు! మరాఠీ సీమలో తెలుగు మాట్లాడుకునే మాకు ఆయన ఎంత దగ్గరివాడో ఆనాడే తోచింది.

పంచమి నాటి ఉదయం కావేరి ఒడ్డున పందిరి కిందకు చేరాము. విద్వాంసులు, విద్యార్థులు బారులు తీరి కూర్చున్నారు. అక్కడ పాడేవారికి పారితోషికం ఉండదు, ఎంతటివారైనా స్వామికి అర్పణగా పాడవలసిందే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో పంచరత్నాలు వందల గొంతులు ఒక్కటిగా పాడాయి. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. పాడేవారిలో తెలుగు మాట్లాడటం రానివారే ఎక్కువ.

మా పక్కన ఒక తమిళ తల్లి పుస్తకం చూస్తూ పాడుతోంది. అందులో తెలుగు మాటలు తమిళ లిపిలో ఉన్నాయి. పాట ముగిశాక మాది తెలుగని తెలిసి, "మీరెంత అదృష్టవంతులు!" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. గౌళ రాగ కృతి "దుడుకుగల" తీసి, "ఈ దుడుకు అంటే సరిగ్గా ఏమిటమ్మా?" అని ఇంగ్లీషులో అడిగింది.

అమ్మాయి నా మొహం చూసింది. నేను నీళ్ళు నమిలాను. తప్పు అందామా? తొందర అందామా? రోజూ మాట్లాడే భాషే, అడిగితే చెప్పలేకపోయాను. సిగ్గుతో తల వాలిపోయింది.

ఏమడుగుతోందని అత్తమ్మ ఆరా తీసి, ఒక్కసారిగా నవ్వింది.

"దుడుకంటే తెల్వదానే? సాంచ కాడికి పోకు బిడ్డా అంటే ఇనకుండ ఉరికి వేలు నలగ్గొట్టుకున్నవు గదా, అదే దుడుకు!"

అమ్మాయి తన వేలి మీది మచ్చ ఆ తల్లికి చూపించి కథంతా చెప్పింది. ఆమె కళ్ళు మెరిశాయి. ఆ కృతిలో త్యాగయ్య తన దుడుకు చేష్టలు తానే ఒక్కొక్కటిగా ఒప్పుకుంటాడు. ఇన్నేళ్ళు పాడిన పాట ఈనాడు తెలిసిందంటూ ఆమె వంగి అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టబోయింది. అత్తమ్మ కంగారుపడి కాళ్ళు ముడుచుకుంది.

సమాధికి ఎదురుగా బెంగుళూరు నాగరత్నమ్మగారి (1878–1952) సమాధి ఉంది. తన ఆస్తి ఖర్చుపెట్టి త్యాగయ్యకు గుడి కట్టించింది ఆమే. ఆనాడు అక్కడ ఆడవాళ్ళను పాడనిచ్చేవారు కాదు. ఆమె ఆడవాళ్ళను కూడగట్టి విడిగా ఆరాధన జరిపించింది. ఇప్పుడు అందరూ కలిసే పాడుతున్నారు. ఇది విని అత్తమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది.

ఇంటికి వచ్చాక అమ్మాయి తానే పలక కొనుక్కుంది. రాత జోలికి ఇంకా పెద్దగా పోలేదు, గుణింతాల దగ్గరే తడబడుతోంది. కాని నాయినమ్మ దగ్గర కూర్చుని మాటలు అడిగి, దేవనాగరిలోనైనా ఒక నోటుబుక్‌లో రాసుకుంటోంది. మొదటి మాట దుడుకు.

కనుక వచ్చే పుష్య మాసానికి ఇప్పుడే టికెట్లు చూసుకోండి. తంజావూరులో గది ముందుగా మాట్లాడుకోండి, ఆ రోజుల్లో దొరకడం కష్టం. పిల్లల్ని తీసుకువెళ్ళండి. వాళ్ళతోపాటు ఇంట్లోని ముసలమ్మను కూడా తప్పకుండా తీసుకువెళ్ళండి. అక్కడ మీకు అర్థం చెప్పగలిగేది ఆమే కావచ్చు.