పద్నాలుగో నంబరు ఫిర్యాదు

కారు నడిపేవాళ్ళందరికీ బాగా తెలిసిన దీపం ఒకటుంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ ఆకారంలో పసుపుపచ్చగా వెలుగుతుంది. పెట్రోలు తగ్గిందని ఒక ముల్లు చెబుతుంది, నీళ్ళు కాగుతున్నాయని ఇంకో ముల్లు చెబుతుంది. ఈ దీపం మాత్రం ఏదో జరిగిందంటుందే గాని, ఏం జరిగిందో చెప్పదు. అందుకే మా వైపు దానికి తలా ఒక వైద్యం చేస్తారు. మా మావయ్య అత్తయ్య స్టిక్కరు బొట్టు ఒకటి తీసి దాని మీద అంటించాడు. రాత్రిళ్ళు కళ్ళలో పడకుండా ఉంటుందట! మా ఊళ్ళో కారు బాడుగకి తిప్పే అతను బ్యాటరీ తీగ ఊడదీసి, కాసేపాగి మళ్ళీ బిగిస్తాడు. దీపం ఆరుతుంది, రెండ్రోజులకి మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఊడదీస్తాడు. ఈ రెండింటికీ డబ్బు ఖర్చు లేదు. ఖరీదైన వైద్యం మూడోది. దీపం ఏ సామాను పేరు చెబితే ఆ సామాను తీసేసి కొత్తది వేయడం. నేను చెప్పబోయేది ఈ మూడోదాని సంగతి.

మాది 2001 మోడల్ ఎస్టీమ్. మార్టూరు దగ్గర పల్లె మాది. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నాన్న 2008లో, పత్తి కాస్త కలిసొచ్చిన ఏడు, ఆ కారు సెకండ్‌హ్యాండులో కొన్నారు. దాని డిక్కీలో సూట్‌కేసుల కంటే ఎక్కువ ప్రయాణం చేసినవి పురుగుమందు డబ్బాలూ, గుంటూరు యార్డుకి మచ్చు చూపించడానికి పట్టుకెళ్ళే మిరపకాయల సంచులూను. ఆ కారెక్కి పెళ్ళికెళితే చాలు, పక్కవాళ్ళు రెండు తుమ్ములు తుమ్మి జరిగి కూర్చునేవారు.

అంతకుముందు కార్లకి కార్బురేటర్ ఉండేది. మేస్త్రీ బానెట్ ఎత్తి, ఓ చెవి అటు పడేసి, స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పి 'ఇహ పోండి' అనేవాడు. 1999 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఢిల్లీ పొగ కేసులో ఉత్తర్వులిచ్చింది. 2000 ఏప్రిల్ ఒకటి నుంచి రాజధాని ప్రాంతంలో కొత్త కార్లు యూరో-రెండు ప్రమాణానికి లోబడాలంది. దాంతో కంపెనీలు కార్బురేటర్ తీసేసి ఎం.పి.ఎఫ్.ఐ. వైపు నడిచాయి. అంటే ఒక్కొక్క సిలిండర్‌కి ఒక్కొక్క ఇంజెక్టర్, వాటన్నిటి మీదా పెత్తనానికి ఒక కంప్యూటర్ అన్నమాట. ఎక్కడో ఢిల్లీలో పొగ కమ్మితే, ఇక్కడ మార్టూరు మెకానిక్ మళ్ళీ అక్షరాభ్యాసం చేయించుకోవాల్సి వచ్చింది.

ఈ కంప్యూటర్ని పాతకాలం కరణంతో పోల్చవచ్చు. కచేరీ దాటి బయటికి రాడు. చేను ఎట్టా ఉందో కళ్ళతో చూడడు. వచ్చిన కాగితాలు చూసి అడంగల్ రాసేస్తాడు. ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, గాలి ఎంత వస్తోంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలింది అన్నవన్నీ సెన్సార్లు పంపే కాగితాలే. ఆ కాగితాల్లో రాసి ఉండేది కూడా అక్షరాలు కాదు, వోల్టులు. అయిదు వోల్టులు ఇటునుంచి పంపుతాడు, అక్కడ ఎంత మిగిలిందో చూసుకుంటాడు. దాన్నిబట్టి ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో నిర్ణయిస్తాడు. వోల్టేజి ఉండవలసిన హద్దులు దాటిందా, ఓ నంబరు వేసి ఫిర్యాదు నమోదు చేసి దీపం వెలిగిస్తాడు. ఆ నంబరునే కోడ్ అంటాం.

1996 నుంచీ అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే రకం పదహారు పిన్నుల సాకెట్, ఒకే భాష కోడ్లు వచ్చాయి. మన దేశంలో ఆ పద్ధతి 2010 ఏప్రిల్‌లో మొదలై 2013 ఏప్రిల్ నాటికి పూర్తిగా అమల్లోకొచ్చింది. ఇప్పుడు చిన్న అడాప్టర్ గుచ్చితే సెల్‌ఫోన్‌లోనే కోడ్ కనిపిస్తుంది. మా ఎస్టీమ్ అంతకంటే ముందు పుట్టింది. దానితో మాట్లాడే పద్ధతి వేరు. ఇంజిన్ దగ్గర ఓ చిన్న కప్లర్ ఉంటుంది. అందులో ఫలానా పిన్నుని తీగముక్కతో ఎర్త్‌కి కలిపి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పితే, ఆ పసుపు దీపమే కన్ను కొట్టడం మొదలుపెడుతుంది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే పన్నెండు. అంటే అంతా క్షేమం. పదమూడు ఆక్సిజన్ సెన్సార్ వైపు. పద్నాలుగు, పదిహేను నీళ్ళ వేడి చూసే సెన్సార్ వైపు. కాగితం, పెన్సిలు పుచ్చుకుని లెక్కపెట్టుకోవాలి. తంతి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం లాంటిదన్నమాట. (ఏ పిన్ను ఏదో పుస్తకం చూసుకోకుండా మాత్రం ఎవరూ వేలు పెట్టకండి.)

2021 నవంబర్. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. కారుకి రోగం పట్టుకుంది. పొద్దున్నే స్టార్ట్ కాదు. అయితే వెనకాల నల్లటి పొగ. లీటరుకి పద్నాలుగు ఇచ్చేది తొమ్మిదికి దిగింది. దీపం ఒకరోజు వెలుగుతుంది, రెండ్రోజులు వెలగదు. నాన్న ఓ పెద్ద గ్యారేజీకి తీసుకెళ్ళారు. పేరెందుకు గాని, అద్దాల గదీ, ఏసీ ఉన్న గ్యారేజీయే. కోడ్ పద్నాలుగు వచ్చింది, వేడి సెన్సార్ పోయిందన్నారు. కొత్తది వేశారు. నాలుగోరోజు దీపం మళ్ళీ హాజరు. ఈసారి ప్లగ్గులు మార్చారు. మూడోసారి వెళితే "కంప్యూటరే పోయిందండీ, పాతది దొరికినా ఇరవై వేలవుద్ది" అన్నారు. ఆ మాటతో నాన్న కారుని తుక్కు కింద అమ్మేద్దామనే స్థితికి వచ్చారు. ఆయనకి అప్పుడు కారుకంటే పెద్ద దిగులు ఇంకోటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా హాస్టల్ మిత్రుడొకడు గుంటూరు ఆటోనగర్‌లో ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. రేకుల షెడ్డు, వేపచెట్టు, చెక్క స్టూలు. అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన మనిషి. యాభై దాటాక మల్టీమీటర్ పట్టడం నేర్చుకున్నాడట. మా కథంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ జ్ఞాపకం.

"దీపం వెలిగినప్పుడు బండి బాగుంటదా, ఆరినప్పుడు బాగుంటదా?"

నాన్న ఆలోచించి, కాస్త మొహమాటంగా, "ఇచిత్రం ఏందంటే, వెలిగినప్పుడే బాగా పోతదయ్యా" అన్నారు.

"అట్టయితే సెన్సారూ కాదు, కంప్యూటరూ కాదు. తీగ చూడాల."

నాకు భౌతికశాస్త్రం అక్కడ తలకెక్కింది. ఆ సెన్సార్ ఓ థర్మిస్టర్. చల్లగా ఉంటే నిరోధం పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర వేల ఓములు, ఎనభై దగ్గర మూడు వందలు. తీగ పూర్తిగా తెగిపోతే నిరోధానికి అంతే లేదు. అప్పుడు కంప్యూటర్‌కి కనిపించేది సైబీరియా చలి. గుంటూరులో సైబీరియా ఏమిటని దానికీ అనుమానమొస్తుంది. పద్నాలుగో నంబరు వేసి, దీపం వెలిగించి, ఆ సెన్సార్ మాట పక్కనపెట్టి 'ఇంజిన్ కాగే ఉందిలే' అని తనే ఓ లెక్క వేసుకుని నడిపిస్తుంది. అందుకని దీపం వెలిగినప్పుడు బండి బాగానే పోతుంది. తీగ పూర్తిగా తెగకుండా, చిలుము పట్టి ఓ రెండు వేల ఓములు అదనంగా కలిస్తేనే అసలు చిక్కు. ఇంజిన్ ఎనభై డిగ్రీల మీద ఉడుకుతుంటే, కాగితంలో మాత్రం ఇరవై చిల్లర అని ఉంటుంది. అది నమ్మదగిన అంకే! కరణంగారికి అనుమానం రాదు, దీపం వెలగదు. చలికి వణుకుతున్న ఇంజినుకి పోసినట్టు పెట్రోలు పోస్తూనే ఉంటాడు. పొగ అక్కణ్ణించి.

పెద్దాయన మాట చెప్పి ఊరుకోలేదు. సెన్సార్ కప్లర్ ఊడదీసి, తీగ వైపున్న రెండు మొనలనీ గుండుసూదితో కలిపాడు. నిరోధం సున్నా అయింది గనక కంప్యూటర్ ఇప్పుడు పద్నాలుగు మాని పదిహేను చెప్పాలి, ఇంజిన్ అగ్గిలా కాలిపోతోందని. పదిహేను చెబితే తీగా, కంప్యూటరూ రెండూ నిక్షేపం, తప్పు సెన్సార్‌ది. పద్నాలుగే చెబితే గుండుసూది కబురు కంప్యూటర్ దాకా చేరలేదని అర్థం. దీపం కన్ను కొట్టింది. ఒకటి, ఆగి, నాలుగు. పద్నాలుగే. పెద్దాయన తీగల కట్టని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి, మెమరీ చెరిపి మళ్ళీ చూశాడు. పదిహేను. ఇంకోసారి ఊపాడు. పద్నాలుగు. ఇరవై వేల రూపాయల వ్యాధి నిర్ణయం గుండుసూదితో తేలిపోయింది.

టేపు చుట్టు విప్పితే బ్యాటరీ కిందుగా వెళ్ళే చోట ఎలక కొరికి ఉంది. కొరికిన చోట తేమ చేరి రాగి పచ్చబడింది. పక్కనే దాని గూడు. గూట్లో పరుపు మా చేలో పత్తే! మేం కారు పెట్టేది పత్తి బోరాలూ మిరప టిక్కీలూ వేసే కొట్లోనే. మిర్చి ఘాటుకి ఎలకలు రావంటారు. మా కొట్లో ఎలకలకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. జానెడు తీగ వేసి, టంకం పెట్టి, పైన స్లీవు తొడిగి నూటయాభై తీసుకున్నాడు. గ్యారేజీవాళ్ళు తీసేసిన పాత సెన్సార్‌ని నాన్న డిక్కీలోంచి తీసి చూపిస్తే, వేణ్ణీళ్ళ చెంబులో ముంచి మీటరు పెట్టాడు. ముల్లు చక్కగా దిగింది. "ఇది బంగారం లాంటిది, దాచుకోండి" అన్నాడు.

"మరి దీపం సెన్సార్ పేరే చెప్పింది గదయ్యా?" అన్నారు నాన్న.

"అది పేరు చెప్పలేదు సామీ. ఆ దారిలో ఏదో తేడా ఉందంది. దారి పొడుగూతా నడిచి చూసుకోవాల్సింది మనం."

తిరుగు ప్రయాణంలో చిలకలూరిపేట దాటేదాకా నాన్న మాట్లాడలేదు. ఆయన దిగులు సంగతి చెబుతానన్నాను గదా. ఆ ఏడు మా మూడెకరాల మిరపలో పూత రాలిపోతోంది. ఆకు ముడుచుకుంటోంది. ఊళ్ళో పురుగుమందుల కొట్టుకి వెళ్ళి 'ముడతండీ' అంటే చాలు, ఓ డబ్బా చేతిలో పెడతారు. అది పనిచెయ్యకపోతే ఇంకోటి. అప్పటికి తొమ్మిదిసార్లు కొట్టాం. ముడత అన్నది పద్నాలుగో నంబరు లాంటిదే. ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగు. కిందికి ముడిస్తే నల్లి. నల్లి అసలు పురుగు జాతే కాదు, సాలీడు జాతి. ఒకదాని మందు రెండోదానికి పనిచెయ్యకపోవచ్చు. వైరస్ వల్ల వచ్చే ముడత ఇంకో రకం. దాన్ని తీర్చే మందే లేదు, దాన్ని మోసుకొచ్చే దోమని ఆపుకోవాల్సిందే. ఆ 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్ని ముంచింది ఇవేవీ కాదు. కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు. అది పూలల్లో దాక్కుంటుంది. ఏ మందు పడితే ఆ మందు కొట్టేకొద్దీ దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి గాని అది చావలేదు. నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి, విచ్చలవిడిగా కొట్టకండి అని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. ఆ మాట మా చేలోకి వచ్చేసరికి పూత పోయింది.

పేట దాటాక నాన్న మా తాతయ్య ప్రస్తావన తెచ్చారు. 1984-85లో ఈ నల్లరేగళ్ళలోనే పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. అప్పటి కొత్తరకం మందులు పైరిత్రాయిడ్లు. మొదట్లో అద్భుతంగా పనిచేశాయని తాతయ్య వాటినే వారం వారం కొట్టేవాడట. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు వాటికి లొంగడం మానేసింది. ఆ ఏడు ఈ జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. తాతయ్య బతికాడు, రెండెకరాలు పోయింది. "ఆకు తీసి తిరగేసి చూసినోడు ఊళ్ళో ఒక్కడు లేడ్రా, నాతో సహా" అన్నారు నాన్న. ఆయన అంత మాట ఎన్నడూ అనలేదు.

ఆ మిరప దక్కలేదు. ఎకరాకి పెట్టిన పెట్టుబడిలో సగం కూడా రాలేదు. నా సెమిస్టర్ ఫీజు వడ్డీకి తెచ్చి కట్టారు. కారు బాగుపడ్డంత తేలిగ్గా చేను బాగుపడుతుందని చెప్పడానికి నేనిది రాయడం లేదు. చేనుకి కప్లర్ లేదు, గుండుసూది పరీక్ష లేదు. ఒకసారి పోయిన పూత మెమరీ చెరిపితే తిరిగి రాదు.

మరుసటి ఏడు సంక్రాంతి సెలవులకి ఇంటికెళితే, నాన్న పొద్దున్నే పాలిథిన్ సంచుల్లో ఆకులు వేసి, ఏ మూల చేలో కోసిందో కాగితమ్ముక్క మీద రాసి, డిక్కీలో పెడుతున్నారు. గుంటూరు లాం ఫారంలో చూపిస్తారట. కొట్టుకి పోలేదా అంటే, "ముందు పైకి ముడిచిందో కిందికి ముడిచిందో తేలనీరా" అన్నారు. ప్రాక్టికల్స్ కోసమని నేను కొనుక్కున్న పది రెట్ల లెన్సు ఒకటి నా సంచిలో ఉంటే ఇచ్చాను. గట్టు మీద గొంతుక్కూర్చుని, పువ్వొకటి అరచేతిలో దులిపి, ఓ కన్ను మూసి చాలాసేపు చూశారు. తర్వాత చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ లెన్సు మళ్ళీ నా చేతికి రాలేదు.