ముందు పేరు, తరువాత మందు

ఇంటిలో ఉప్పునీటి అక్వేరియం పెంచడమంటే సముద్రంలోని ఒక చిన్న భాగానికి బాధ్యత వహించడమే. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు, 25 లేక 26 డిగ్రీల వెచ్చదనం ఏనాడూ తప్పకుండా చూసుకోవాలి. ఇవన్నీ క్రమంగా అలవాటవుతాయి. కాని మనం తెచ్చి వేయని ప్రాణులు ఒకనాడు గాజుపై కదలాడుతూ కనిపించినప్పుడు ఏమి చేయాలన్నదే అసలైన పరీక్ష.

మా తొట్టిలో రెండు క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు, ఎర్రని వీపుపై తెల్లని చార గల ఒక జత రొయ్యలు ఉన్నాయి. మిత్రుల ఇంటి నుండి సముద్రపు నాచును, ఒక చిన్న రాయిని తెచ్చి అందులో ఉంచాము. కొన్ని వారాలకు గాజు నిండా తెల్లని చుక్కలు కనిపించాయి. అవి పాకుతున్నాయి, ఉండుండి గెంతుతున్నాయి. "అబ్బా, ఇవి చేపలను తినేస్తాయేమో!" అని మా అబ్బాయి కంగారుపడ్డాడు. విషయం విన్న దుకాణదారుడు ఒక సీసా చేతికిచ్చి, రాత్రి పోస్తే తెల్లవారేసరికి ఒక్క పురుగూ మిగలదన్నాడు.

సీసాపై ఉన్న వివరాలు చదివితే అందులో రాగి ఉందని తెలిసింది. చేపలు కొంత మోతాదు వరకు రాగిని తట్టుకుంటాయి. రొయ్యలు, నత్తలు తట్టుకోలేవు. పైగా రాళ్ళూ ఇసుకా దానిని పీల్చుకుంటాయి. అప్పటికి మా రొయ్యలలో ఒకటి పొట్ట కింద ఆకుపచ్చని గుడ్లను మోస్తూ ఉంది. "గుడ్లు మోసే ప్రాణి ఉన్న నీళ్ళలో విషం ఎలా పోస్తారు బేటా?" అని పిల్లల దాదీమా అడిగారు. సీసాను అల్మారాలో పెట్టి, ముందు ఆ వచ్చినవారెవరో తెలుసుకోవాలని నిశ్చయించుకున్నాము.

మూడు రాత్రులు దీపాలార్పి, టార్చికి ఎర్రని కాగితం చుట్టి, భూతద్దంతో చూశాము. ఎర్రని వెలుగుకు ఇలాంటి ప్రాణులు అంతగా బెదరవు. అమ్మాయి ఒక నోటుపుస్తకంలో పరిమాణం, రంగు, నడక, కనిపించిన చోటు రాసి బొమ్మలు వేసింది.

గెంతే తెల్లని చుక్కలు కోపీపాడ్లు. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. నాచును, మిగిలిన మేతను తిని, తామే చేపలకు ఆహారమవుతాయి. మేత మిగలకపోతే వాటి సంఖ్య దానంతటదే తగ్గుతుంది. రాళ్ళ కింద వంగిన నడుముతో పక్కవాటుగా ఈదేవి ఆంఫిపాడ్లు; అవీ పారిశుద్ధ్య పనివారే. గాజుకు అంటుకున్న సన్నని తెల్లని చుట్టలు ఒక జాతి పురుగులు కట్టుకున్న గూళ్ళు. అవి నీటిని వడగట్టుకుని బతుకుతాయి.

నిజమైన శత్రువు గాజుపై లేదు. తెచ్చిన రాయి మీద గోధుమరంగు పువ్వులా విచ్చుకుని, తాకితే చటుక్కున ముడుచుకునే ఐప్టేసియా ఒకటి కనిపించింది. దాని తంతువులు ఇతర ప్రాణులను కుడతాయి. గోకి తీయబోతే మిగిలిన చిన్న తునక నుండి మళ్ళీ పుడుతుంది. కనుక దానిని ముట్టుకోకుండా రాయినే బయటకు తీసి రోజుల తరబడి ఎండబెట్టాము. ఏ మందూ అవసరం కాలేదు.

గుడ్లు పిల్లలైన రాత్రి ఇంటిల్లిపాదీ తొట్టి ముందు కూర్చున్నాము. ఆ పిల్లలను చాలావరకు చేపలే తినేశాయి. తల్లి రొయ్య మాత్రం నేటికీ క్షేమంగా ఉంది.

మీ తొట్టిలోనూ తెలియని ప్రాణి కనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి: అది ఎలా కదులుతోంది? ఏ వేళ బయటకు వస్తోంది? దానివల్ల ఏ ప్రాణికైనా గాయమవుతోందా? మూడవ ప్రశ్నకు జవాబు దొరికేవరకు సీసా మూత తీయకండి. ముళ్ళ పురుగుల వంటివి కొన్ని గుచ్చుకుంటాయి కనుక ఒట్టి చేతిని మాత్రం నీటిలో పెట్టకండి.