కొబ్బరి లేని కజ్జికాయలు

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్ళలో పిండివంటల మాటే కదా! మేము ముగ్గురం తోటికోడళ్ళం. గుత్తి వంకాయ, పూర్ణం బూరెలు, కజ్జికాయలు, ఇలా లోపల ఏదో ఒకటి కూరి చేసే వంటలు లేనిదే మా అత్తగారికి క్రిస్మస్ విందు విందే కాదు. వంట నేర్పింది అత్తగారే. అయితే లేనిచోట ఏమి కూరాలో మాకు నేర్పింది 1996వ సంవత్సరపు తుఫాను.

మాది కోనసీమలో అమలాపురం దగ్గర ఒక పల్లె. ఆ ఏడాది నవంబరు 6వ తేదీ రాత్రి గాలి ఎలా వీచిందో ఆ ప్రాంతం వారెవరూ మరచిపోలేరు. తెల్లవారి చూస్తే మామగారు తన చేతులతో నాటిన 60 కొబ్బరి చెట్లలో నిలిచినవి నాలుగు. కోతకు వచ్చిన వరి నీళ్ళపాలైంది. కోళ్ళగూడు ఎటు పోయిందో తెలియలేదు. మేమందరం ప్రాణాలతో మిగిలాము, అది దేవుని కృప. ఎన్నో కుటుంబాలకు ఆ భాగ్యం కూడా లేకపోయింది. మామగారు మాత్రం మాట మానేశారు. పెట్టింది తిని, అరుగుమీద కూర్చుని, తోటవైపు చూస్తూ ఉండేవారు.

డిసెంబరు వచ్చింది. పడిపోయిన చెట్ల కాయలు కొన్ని అమ్ముకోగా, బాగా ముదిరినవి ఒక నలభై మిగిలాయి. పిల్లలు కజ్జికాయలని గొడవ. మాలో పెద్దావిడ పది కాయలు తెచ్చి కొట్టబోతుంటే మామగారు అరుగు దిగి వచ్చారు.

"అమ్మా, వాటిని కొట్టకండి. విత్తనానికి ఉంచుదాం."

నెల దాటాక ఆయన నోట మేము విన్న మొదటి మాట అది. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటికే ఆయనకు డెబ్బై దాటాయి. మాకు గొంతులో ఏదో అడ్డుపడినట్లయింది. కత్తి పక్కన పెట్టేశాము.

"కొబ్బరి లేకుండా కజ్జికాయలేమిటి? ఈ ఏడాదికి మానేద్దాం" అన్నారు అత్తగారు. మాకు మనసొప్పలేదు. డబ్బాలన్నీ దులిపితే నువ్వులు, వేరుశనగ గుళ్ళు, కొంచెం పుట్నాల పప్పు, బెల్లం కనబడ్డాయి. నువ్వులు చిటపటలాడే వరకు వేయించాము. వేరుశనగ గుళ్ళు వేయించి పొట్టు తీశాము. పప్పుతో సహా అన్నీ బరకగా దంచి, బెల్లం తురుము, రెండు ఏలకులు కలిపాము. పూరీలు వత్తి, ఆ పొడి పెట్టి, అంచులు తడిచేసి నొక్కి, సన్నని సెగమీద వేయించాము. మొదటి వాయిలో ఆశకొద్దీ నిండుగా కూరాము. అవన్నీ నూనెలో విచ్చుకుని, నూనె నల్లబడింది! రెండవ వాయికి చెంచాడు చొప్పునే పెట్టాము. ఒక్కటి కూడా విడలేదు. పైగా పచ్చికొబ్బరి లౌజు పెట్టినవాటికంటే ఇవి ఎక్కువ రోజులు నిలవ ఉన్నాయి.

ఇక కోడి లేదు గనుక మాలో చిన్నావిడ మరొక ఉపాయం చెప్పింది. సంతలో కొన్న లేత వంకాయలను తొడిమ తీయకుండా నాలుగు పక్షాలుగా చీరి, నల్లబడకుండా ఉప్పునీళ్ళలో వేసింది. ఎండు రొయ్యలు తలలు తీసి, దోరగా వేయించి పొడి చేసి, ఉల్లికారంలో కలిపి కూరింది. మూతపెట్టి సెగ తగ్గించి మగ్గనిచ్చేసరికి ఆ వాసనకు పక్కింటి పిల్లలు కూడా గుమ్మంలోకి వచ్చారు. వాళ్ళ వంటపాక తుఫానులో పోయింది. వాళ్ళ అమ్మను కూడా పిలిచి అందరికీ కలిపే వడ్డించాము.

ఆరాధన నుండి వచ్చి మామగారు పీటమీద కూర్చున్నారు. కజ్జికాయ కొరికి కాసేపు ఆగారు. మేము తలుపు చాటున ఊపిరి బిగబట్టి చూస్తున్నాము.

"ఇందులో ఏమి కూరారమ్మా?"

చెప్పాము. ఆయన ఏమీ అనలేదు గాని, ఇంకొకటి అడిగి తిన్నారు. మరునాడు ఉదయమే నూతి పక్కన ఇసుక పోసి మడి కట్టి, ఆ నలభై కాయలను పాతారు. వేసవి నాటికి వాటిలో ముప్పైకి పైగా మొలకెత్తాయి.

మామగారు 2002లో ప్రభువునందు నిద్రించారు. ఆ చెట్ల మొదటి గెల ఆయన చూడలేదు. 2005 క్రిస్మస్‌కు ఆ చెట్ల కొబ్బరితోనే మేము కజ్జికాయలు చేశాము. పళ్ళెం ముందు పెడితే ఎదిగిన మా పిల్లలు ఏమన్నారో తెలుసా? "నువ్వులవి ఏవి?" అన్నారు! అప్పటి నుండి ప్రతి ఏటా రెండు రకాలూ చేస్తున్నాము.

సహోదరీలారా, ఈ పండుగకు మీ ఇంట ఏదైనా లోటుగా ఉండవచ్చును. దానికోసం విందు మానకండి. డబ్బాలు ఒకసారి దులిపి చూడండి. ఉన్నది కొంచెమైతే కొంచెమే కూరండి. పక్కింటివారికి కూడా ఒక పళ్ళెం పెట్టండి.